బియ్యం సరే, కూర మాటేమిటి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దారుల్లో ఆకలి ఎక్కడుంది? దాన్ని తీర్చే నిధికి సైకిల్ యాత్ర ఎలా పనికొస్తుంది?

సేవా సైకిల్ యాత్రలో ఎవరు ముందొచ్చారన్నది లెక్కలోకి రాదు. ఒక పనికి డబ్బు కావాలి. అది పోగుచేయడానికి కొందరు కలిసి, ముందే చెప్పిన దూరం తొక్కుతారు. తొక్కబోయే మనిషి నెల ముందే చుట్టాలను, స్నేహితులను, పనిచేసే చోట తోటివాళ్లను కలిసి కిలోమీటరుకు రూపాయో రెండో రాయించుకుంటాడు. దూరంతో పని లేకుండా ఒకేసారి ఇంత అని రాసేవాళ్లూ ఉంటారు. యాత్ర ముగిశాక తొక్కినంత మేర వసూలు చేసి నిధిలో జమ చేస్తాడు. ఊళ్లో పస్తులుండే వాళ్లకు అన్నం పెట్టే పనికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఎందుకంటే అన్నం పెట్టడం ఒక్క రోజుతో తీరేది కాదు. దానికి పెద్ద దాత ఒక్కడి కన్నా, ఏటా మళ్లీ అడగదగ్గ చిన్న దాతలు వెయ్యి మంది మేలు.

ఇది పడమటి దేశాల నుంచి వచ్చిన అలవాటుగా కనిపిస్తుంది గానీ, దీని మూలం తెలుగు పల్లెలకు బాగా తెలుసు. ఊరి మధ్య బొడ్రాయి దగ్గరో, బడి మైదానంలోనో ముగ్గుపిండితో గుండ్రంగా గీత గీసేవారు. మధ్యలో ఒక గుంజ, గుంజకు లౌడ్ స్పీకర్, చుట్టూ రంగు కాగితాల తోరణాలు. ఎక్కడి నుంచో వచ్చిన సైకిల్ మనిషి మూడు రోజులో, వారమో కాలు కింద పెట్టకుండా ఆ గీత మీదే తిరిగేవాడు. స్నానం సైకిల్ మీదే, గడ్డం గీసుకోవడం సైకిల్ మీదే, తిండీ సైకిల్ మీదే. బడి వదిలాక పిల్లలు గుంపు కట్టేవారు. తెల్లారగట్ల పాలకు వెళ్లేవాళ్లు ఇంకా తిరుగుతున్నాడా అని ఆగి చూసేవారు. రెండో రోజుకు రూపాయి నోట్లు పిన్నీసులతో అతని చొక్కాకు చేరేవి. మూడో రోజుకు ఎవరో ఒక అమ్మ సోలెడు బియ్యం తెచ్చి గుంజ దగ్గర పోసేది.

ఆ మనిషి అడిగింది తన పొట్ట కోసమే. అయినా అక్కడ జరిగినదీ, సేవా యాత్రలో జరిగేదీ ఒకటే. కళ్లెదుట పడుతున్న కష్టం చూసి చెయ్యి జేబులోకి వెళ్తుంది. రశీదు పుస్తకం పట్టుకుని గడప ముందు నిలబడిన వాణ్ణి చూసే చూపు వేరు, చెమటలు కక్కుతూ వచ్చిన వాణ్ణి చూసే చూపు వేరు.

పెద్ద ఆపద వచ్చినప్పుడు జోలె పట్టడం కూడా మనకు ఉన్నదే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తాక ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు ఊళ్లు తిరిగి విరాళాలు పోగుచేశారు. జోలె పేరున్నవాళ్ల చేతిలో త్వరగా నిండుతుంది. సైకిల్ యాత్రకు పేరుతో పని లేదు. వంద మంది మామూలు మనుషులు, ఒక్కొక్కరి వెనుక ఇరవై మంది మామూలు మనుషులు ఉంటే చాలు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1980లో 36 మంది కలిసి తొక్కి 10,200 డాలర్లు తెచ్చారు. పాన్-మాస్ ఛాలెంజ్ అనే ఆ యాత్ర క్యాన్సర్ ఆసుపత్రి కోసం ఏటా జరుగుతూ, 2024 నాటికి మొత్తం మీద వంద కోట్ల డాలర్లు దాటింది. తొక్కేవాళ్లు తెచ్చిన ప్రతి డాలరూ ఆసుపత్రికే చేరుతుంది, ఏర్పాట్ల ఖర్చు వేరే దారిలో వస్తుంది. జనం ఇస్తూనే ఉండడానికి ఆ నియమం ఒక పెద్ద కారణం అనుకోవాలి.

ధాన్యం గడపలో ఆకలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఆకలి అంటే వినేవాళ్లకు ముందు నమ్మబుద్ధి కాదు. నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్‌బహదూర్ కాలువ అని పేరు పెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలల మీదుగా ఖమ్మం వైపు సాగుతుంది. ఆ నీళ్లతో జొన్న చేలు వరి మడులయ్యాయి. మడుల వెంట మిల్లులు వచ్చాయి. ఇవాళ మిర్యాలగూడ దేశంలోని పెద్ద రైస్ మిల్లుల కేంద్రాల్లో ఒకటి. కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు మిల్లు గేట్ల ముందు బారులు తీరుతాయి. ప్రభుత్వం మరకు ఇచ్చే క్వింటాలు ధాన్యానికి మిల్లరు 67 కిలోల పచ్చిబియ్యం అప్పజెప్పాలన్నది లెక్క.

ప్రాణం పోవడాన్ని తెలుగులో నూకలు చెల్లడం అంటారు. మనిషి ఆయుష్షును గింజలతో కొలిచిన భాష ఇది. మరి నూకలకు కొదవే లేని ఈ ఊళ్లలో లోటు ఎక్కడుంది?

మొదటి లోటు వండుకోలేని ఇళ్లలో ఉంది. పిల్లలు హైదరాబాద్‌లోనో అంతకన్నా దూరంలోనో స్థిరపడ్డాక ఊళ్లో మిగిలిన ముసలివాళ్ల సంచిలో రేషన్ బియ్యం ఉంటుంది. పొద్దున ఒకసారి వండిందే రాత్రికీ. నంచుకోవడానికి ఉల్లిగడ్డ, తొక్కు. నెలకు 2,016 రూపాయల పింఛన్ వస్తుంది. బీపీ గోలీలు, షుగర్ గోలీలు పోను మిగిలిన దాంట్లోనే పప్పూ నూనే రావాలి. కూరగాయలు పిరమైన వారం కూర ఉండదు. ఈ పస్తు బయటికి కనిపించదు. బియ్యం ఉన్న ఇంటిని ఆకలి ఇల్లు అని ఎవరూ అనుకోరు.

రెండోది ఆసుపత్రుల దగ్గర. సూర్యాపేటకు 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పల్లెల నుంచి వచ్చే రోగుల వెంట ఒకరైనా తోడు వస్తారు. ఆసుపత్రి భోజనం ఎక్కడైనా రోగి పేరు మీదే లెక్క. మధ్యాహ్నం ఒంటి గంటకు ఏ పెద్దాసుపత్రి గేటు దగ్గర నిలబడినా ఇది తెలిసిపోతుంది. ఒక చేతిలో మందుల చీటీ, ఇంకో చేతిలో స్టీలు గిన్నె. రోగికి ఇడ్లీ కట్టించుకుని, తాను ఒక టీ తాగి, రెండో టీ మానుకునే మనిషి. తిన్నావా అని అడిగితే తిన్న అనే జవాబు. హైదరాబాద్‌లో ఈ సంగతి గుర్తించి 2022లో 18 ప్రభుత్వాసుపత్రుల దగ్గర రోగుల సహాయకులకు 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు.

మూడోది మిల్లుల దగ్గర. అక్కడ బస్తాలు మోసేవాళ్లలో చాలామంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. కరోనా కాలంలో, 2020 మే నెలలో, దేశమంతా వలస కూలీలు సొంతూళ్లకు పోతుంటే, బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల పైచిలుకు హమాలీలు రైల్లో తెలంగాణ మిల్లుల పనికి తిరిగి వచ్చారు. మిల్లు ఆడే రోజుల్లో వాళ్ల తిండికి ఢోకా లేదు. మిల్లు ఆగిన రోజుల సంగతే చూడాలి. గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకుంటూ ఒంటిపూట తిని గడిపే కుర్రాళ్ల పేరు కూడా ఈ వరసలో చేరుతుంది.

రాష్ట్రం మొత్తం మీద ఈ లోటు ఒంట్లో ఎలా బయటపడుతుందో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మందికి వయసుకు తగిన ఎత్తు లేదు. ఆరు నెలలు దాటిన పసిపిల్లల్లో 70 శాతం మందికి, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఇది బియ్యం దొరకని కరువు కాదు, బియ్యం పక్కన ఏమీ లేని కరువు.

సన్నబియ్యం వచ్చాక

2025 మార్చి 30న, ఉగాది రోజు, రేషన్ దుకాణాల్లో దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టింది హుజూర్‌నగర్‌లోనే. కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలో ఉన్న ఊరది. మనిషికి నెలకు 6 కిలోలు, ఉచితం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యంతో మొదలైన దారిలో ఇది పెద్ద అడుగు. దొడ్డు బియ్యం అమ్ముకుని సన్నవి కొనుక్కునే అవస్థ తప్పింది. పేదవాడి కంచంలోకి కూడా పేరంటానికి వండే బియ్యం వచ్చింది. దాని విలువ తక్కువ చేసి మాట్లాడకూడదు.

ఆ 6 కిలోలను రోజులకు పంచితే 200 గ్రాములు. దాదాపు 700 కేలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 2,000 కేలరీల లెక్కన ఒక కంచం నమూనా తయారుచేసింది. ఆ కంచంలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదని 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మిగతాది పప్పు, కూర, ఆకుకూర, పాలు, పెరుగు, పండు, గుడ్డు, నూనె. రేషన్ సంచి మొదటి సగాన్ని చాలా వరకు నింపుతుంది. రెండో సగానికి డబ్బు కావాలి.

బడి భోజనం లెక్క చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం విడిగా వస్తుంది. దాని పక్కకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె, ఉప్పూ కారం, పొయ్యి ఖర్చు. వీటికి 2025 మే 1 నుంచి కేంద్రం కట్టిన ధర పూటకు 6 రూపాయల 78 పైసలు. బియ్యాన్నీ వంట ఖర్చునూ ప్రభుత్వమే రెండు వేర్వేరు పద్దులుగా రాసుకుంటోంది. 2020 లాక్‌డౌన్‌లో రాష్ట్ర ప్రభుత్వం వలస కూలీలకు 12 కిలోల బియ్యంతో పాటు 500 రూపాయలు చేతిలో పెట్టిందీ ఇందుకే.

ఈ మూడు పట్టణాల్లో అన్నం పెట్టాలనుకునే ఏ బృందానికైనా మిల్లుల నుంచి బియ్యం బస్తాలు అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. కందిపప్పు, నూనె, గ్యాస్ సిలిండర్, వంట మనిషి జీతం, గిన్నెలు, ఆటో కిరాయి అలా రావు. ఇక్కడి సైకిల్ యాత్ర బియ్యం కోసం కాకుండా కూర కోసం సాగాలి. రాయించుకునే చీటీ మీద ఆ మాట స్పష్టంగా ఉండాలి.

మూడు రోడ్లు, రెండు మూసీలు

పటం మీద మూడు పట్టణాలూ త్రికోణంలా ఉంటాయి. సూర్యాపేట నుంచి కోదాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 45 కిలోమీటర్లు. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు 60కి కాస్త తక్కువ. అక్కడి నుంచి ఉత్తరంగా సూర్యాపేటకు 40 పైచిలుకు. చుట్టూ తిరిగి వస్తే 140 నుంచి 150 కిలోమీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల లెక్కన ఎనిమిది గంటల తొక్కుడు, ఆగేవి కలుపుకుంటే పది గంటలు. దూరప్రయాణపు సైక్లిస్టులు ఆడే బ్రెవేల్లో తొలి మెట్టు 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేయడం. దానితో పోలిస్తే ఇది సాధన ఉన్న మామూలు మనిషి చేయగలిగిందే. గేర్ల సైకిల్ లేనివాళ్లు ఒక్క భుజం తొక్కినా చాలు. కిలోమీటరు లెక్క అందరికీ ఒకటే.

మొదటి భుజం రహదారి. చివ్వెంల, మునగాల దాటి కోదాడ. మునగాల దగ్గర చరిత్ర తెలిసినవాళ్లు ఒక నిమిషం ఆగుతారు. నిజాం రాజ్యం మధ్యలో కృష్ణా జిల్లాకు చెందిన ద్వీపంలా ఉండేది ఆ పరగణా, కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేసింది ఇక్కడే. దారి సాఫుగా ఉంటుంది, ప్రమాదమూ ఇక్కడే ఎక్కువ. విజయవాడ లారీలు, బస్సులు, వాటి పక్కనే అడ్డదారిలో ఎదురొచ్చే మోటారు సైకిళ్లు. చీకటితో బయల్దేరి ఎండెక్కకముందే కోదాడ చేరడం మంచిది. పొద్దు నేరుగా కళ్లలోకి కొడుతుంది కాబట్టి వెనుక వచ్చే డ్రైవర్లకు సైకిల్ కనపడదు. వెనుక ఎర్ర లైటు, మెరిసే జాకెట్టు తప్పనిసరి.

రెండో భుజంలోనే అసలు సంగతి ఉంది. కోదాడ దాటాక రోడ్డుకు అటూ ఇటూ వరి. హుజూర్‌నగర్ దాటాక సైకిల్ మనిషికి కంటికన్నా ముందు ముక్కు చెబుతుంది ఏ కాలమో. నాట్ల వేళ బురద వాసన, కోతల వేళ గడ్డి వాసన, మిర్యాలగూడ దగ్గరపడే కొద్దీ ఉడికిన వడ్ల వాసన. నవంబరు, డిసెంబరుల్లో, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో రైతులు తారు రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. సగం రోడ్డు బంగారు రంగు పరుపు, అంచున వరసగా పెట్టిన రాళ్లు. మసక చీకట్లో ఆ రాయికి టైరు తగిలితే మనిషి ఎగిరి పడతాడు. గింజల మీదుగా తొక్కితే జారుతుంది, రైతు నోటి ముందరి ముద్దా తొక్కినట్టే అవుతుంది. దిగి నడిపించుకుని పోవడమే మర్యాద.

మిర్యాలగూడ చేరే ముందు మూసీ దాటాలి, మిర్యాలగూడ నుంచి సూర్యాపేట వెళ్తూ మళ్లీ దాటాలి. హైదరాబాద్ మీదుగా వచ్చే ఆ ఏరు ఇంకొంత దూరంలో వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మూడో భుజంలో వాహనాలు తక్కువ, గుంతలు ఎక్కువ. వంద కిలోమీటర్లు తొక్కిన కాళ్లకు ఇక్కడే నీరసం వస్తుంది. చేతులు వణికి, కళ్లు బైర్లు కమ్మి, అరటిపండు తప్ప ఇంకేదీ తోచని ఆ పావుగంటలో, ఆసుపత్రి గేటు దగ్గర పొద్దుటి నుంచి టీ మీద ఉన్న మనిషి ఒంటి గంటకు ఎలా ఉంటాడో సైకిల్ మనిషికి కాస్త తెలుస్తుంది. సైకిల్ మనిషికి మాత్రం అరటిపండు జేబులోనే ఉంటుంది.

తేదీ ఎంచుకోవడం తేలిక కాదు. ఏప్రిల్, మే ఎండల్లో ఈ నేల నిప్పుల కుంపటి. సంక్రాంతి వారం విజయవాడ రహదారి మీద కార్లు చీమల బారులా కదులుతాయి. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర వచ్చినప్పుడు వాహనాలను వేరే దారులకు మళ్లిస్తారు. 2025లో ఆ జాతర ఫిబ్రవరిలో జరిగింది. జాతర లేని ఏడాది జనవరి చివర, లేదా డిసెంబరు మూడో ఆదివారం అనుకూలం. పోలీసులకు ముందుగా చెప్పడం, ఒక అంబులెన్సు, పంక్చర్ సామాను వేసుకున్న ఆటో, ఇరవై కిలోమీటర్లకు ఒక మంచినీళ్ల చోటు ఏర్పాట్లలో మొదటివి. ఈ ఖర్చు కోసం రాయించుకున్న డబ్బు ముట్టకూడదు. దానికి వేరుగా దాతను వెతకాలి.

రూపాయి దారి

లెక్కకు ఇలా అనుకోవచ్చు. వంద మంది, ఒక్కొక్కరి వెనుక ఇరవై మంది, కిలోమీటరుకు రూపాయి, 140 కిలోమీటర్లు. ఒక్కొక్కరు తెచ్చేది 2,800. మొత్తం 2,80,000. బియ్యం మిల్లుల నుంచి వస్తే, పప్పు, కూర, చారు, మజ్జిగ, గ్యాసు, పనివాళ్లకు పూటకు మనిషికి 20 రూపాయలు పెట్టుకున్నా 14,000 భోజనాలు. రోజుకు 150 మందికి మూడు నెలలు. ఏడాదంతా నడవాలంటే నాలుగు రెట్లు కావాలి. ఈ సంఖ్య ముందే తెలిస్తే ఒక్క యాత్రతో ఆకలి తీరిందన్న భ్రమ ఉండదు.

హైదరాబాద్‌లో 2014లో మొదలైన 5 రూపాయల భోజనంలో 400 గ్రాముల అన్నం, 100 గ్రాముల కూర, 120 గ్రాముల సాంబారు, కొంచెం పచ్చడి. తినేవాళ్లు ఇచ్చే 5 పోను మిగతాది నగరపాలక సంస్థ భరించింది. చిన్న పట్టణంలో ఆ మిగతాది ఎవరు భరించాలన్న ప్రశ్నకు యాత్ర నిధి ఒక జవాబు. తినేవాళ్ల దగ్గర 5 తీసుకోవడమే సబబు. కొనుక్కుని తిన్న అన్నం మనిషిని తలదించుకోనివ్వదు.

ఒకరి ఆస్తి మీద నడిచే అన్నదానం ఎంత గొప్పదైనా ఆ ఆస్తితో కరిగిపోతుంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ వండిపెట్టింది. ఆమె పేరు ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి ఉంది. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం భక్తుల విరాళాలను మూలధనంగా ఉంచి, వాటి వడ్డీని ఖర్చుచేసే దారి పట్టింది. చిన్న బృందాలు కూడా వసూలులో పదో వంతైనా అలా పక్కన పెట్టాలి. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన వానకు కోదాడ వీధులు మునిగాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. బియ్యమూ పొయ్యీ రెండూ తడిసిన ఇంటికి ఆ పూట వండిన అన్నమే కావాలి. అప్పటికప్పుడు చందాలకు తిరిగే వ్యవధి ఉండదు.

చట్టం సంగతులు ముందే తెలుసుకుంటే తర్వాత చిక్కులు రావు. నిధికి నమోదైన సొసైటీ లేదా ట్రస్టు, దాని పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి. వ్యక్తి ఖాతాలోకి, ఎంత నమ్మకస్తుడిదైనా, ఒక్క రూపాయి రాకూడదు. పన్ను మినహాయింపు ఇచ్చే 80జి అనుమతి ఉన్నా, 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. అమెరికాలో ఉన్న ఊరివాళ్లు అడగకముందే పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి ప్రత్యేక అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుచేయాలి. ఆ జాబితాలో మొదటి పద్దు ఆకలి నిర్మూలనే. మేళ్లచెర్వు, మఠంపల్లి వైపు సిమెంటు పరిశ్రమలున్న జిల్లాలో ఇది మరవకూడని దారి. పెళ్లి మండపాల్లో మిగిలిన వంటకాలు తెచ్చేవాళ్లు 2019లో వచ్చిన మిగులు ఆహార పంపిణీ నిబంధనలు చదవాలి. వేసవిలో మధ్యాహ్నపు పప్పు సాయంత్రానికి పులుస్తుంది.

అన్నం దగ్గర ఫొటోల విషయంలో పట్టుదల అవసరం. తొక్కేవాళ్ల ఫొటోలు ఎన్నైనా తీయవచ్చు, తినేవాళ్లవి ఒక్కటీ తీయకూడదు. ఆసుపత్రి గేటు దగ్గర తిన్న అని చెప్పిన మనిషి, కెమెరా ఉందని తెలిస్తే వరసలోకే రాడు.

డబ్బు చేతికొచ్చాక పని కిరాణా హోల్‌సేల్ దుకాణంలో మొదలవుతుంది. కందిపప్పు మూడు నెలలకు ఒకేసారి కొంటే ధర కలిసొస్తుంది, పురుగు పట్టకుండా చూసుకోవాలి. కూరగాయలు ఏ రోజుకారోజు. వారంలో రెండు రోజులు ఆకుకూర పప్పు, ఒక రోజు గుడ్డు, ఎండాకాలం పచ్చిపులుసు, మజ్జిగ. నెల తిరగ్గానే బస్టాండు దగ్గర బోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. పప్పు ఇన్ని కిలోలు, నూనె ఇన్ని డబ్బాలు, సిలిండర్లు ఇన్ని, తిన్నవాళ్లు ఇంతమంది, మిగులు ఇంత. వచ్చే ఏడు అదే ఇరవై మంది గడప తొక్కబోయే సైకిల్ మనిషి ఆ లెక్కను కాగితం మీద ఎక్కించుకుని జేబులో పెట్టుకుంటాడు.